పుట్టుకకు ముందే పడే ముద్ర

లీలావతి గర్భంలో ఉండగానే ప్రహ్లాదుడు నారదుని ఉపదేశం విన్నాడని భాగవతం చెబుతుంది. సుభద్ర కడుపులో ఉండగానే అభిమన్యుడు పద్మవ్యూహంలో చొరబడే విధానం నేర్చుకున్నాడని మనమంతా చిన్నప్పుడు విన్న కథ. గర్భస్థ శిశువు వినగలదా, విన్నదానిని గుర్తుంచుకోగలదా అన్న చర్చ ఈ వ్యాసానికి అవసరం లేదు. ఇక్కడ ప్రస్తావించదలచినది శిశువు చెవిన పడే మాటలను గురించి కాదు, తల్లి రక్తంనుండి మాయ ద్వారా శిశువును చేరే అతి స్వల్ప పరిమాణాల రసాయనాలను గురించి. ఆ రసాయనాలు వేసే ముద్ర పదిహేనేళ్ళ తర్వాత, ఇరవయ్యేళ్ళ తర్వాత బయటపడవచ్చునన్నది నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఆడపిల్లలున్న తెలుగు ఇళ్ళలో ‘నీటి బుడగలు’ అన్న మాట ఇప్పుడు కొత్తది కాదు. నెలసరి సక్రమంగా రాని అమ్మాయిని వైద్యుల వద్దకు తీసుకువెళితే స్కాన్ తీసి, అండాశయంలో నీటి బుడగలున్నాయని చెబుతారు. అక్కడినుండి ఇంట్లో చర్చ ప్రారంభమవుతుంది. పిజ్జాలు తినడంవల్ల వచ్చిందని తండ్రి, రాత్రి రెండింటిదాకా మేలుకొని ఉండడంవల్ల వచ్చిందని తల్లి, ఈ దేశపు పాలవల్ల వచ్చిందని నాయనమ్మ తలొక కారణం చెబుతారు. ‘పెళ్ళయితే అదే సర్దుకుంటుంది’ అన్న అభయం ఇండియానుండి ఫోనులో అందుతుంది. ఈ వాదోపవాదాలన్నిటిలోనూ ముద్దాయి ఒక్కతే, ఆ పిల్ల. కాని ఈ రుగ్మతకు బీజం ఆ పిల్ల పుట్టకముందే పడి ఉండవచ్చునని గత మూడు దశాబ్దాల పరిశోధన సూచిస్తున్నది. ఆ పరిశోధన ఏమి చెబుతున్నదో, ఎంతవరకు చెప్పగలదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. నేను వైద్యురాలిని కాను, వృత్తిరీత్యా రసాయనశాస్త్ర పరిశోధకురాలిని. కనుక మందుల మాట వైద్యులకు వదిలి, అణువుల మాట చెబుతాను.

పేరులో ఉన్న తికమక

పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అన్న దీర్ఘ నామాన్ని కుదించి పి.సి.ఓ.ఎస్. అంటున్నాము. 1935లో షికాగో నగరంలో ఇర్వింగ్ స్టీన్, మైకేల్ లెవెంతాల్ అనే ఇద్దరు వైద్యులు ఏడుగురు స్త్రీలను పరీక్షించి, నెలసరి ఆగిపోవడానికీ, అండాశయాలు ఉబ్బి వాటినిండా చిన్న చిన్న తిత్తులు కనబడడానికీ సంబంధం ఉన్నదని ప్రకటించారు. పేరు అక్కడినుండి వచ్చింది. అయితే ఆ తిత్తులు నిజానికి తిత్తులు కావు. ప్రతి నెలా అండాన్ని పెంచి విడుదల చేయవలసిన అండపుటికలు సగం పెరిగి, ఆపై ఎదగలేక, దారిలో ఆగిపోయిన రూపాలవి. కోసి తీసివేయవలసిన గడ్డలు కావు, మందు వేసి కరిగించవలసిన బుడగలు కావు. ఈ పేరు రోగులను, వైద్యులను కూడా తప్పుదారి పట్టిస్తున్నదని 2012లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఏర్పాటు చేసిన నిపుణుల సంఘమే తేల్చి చెప్పింది.

2003లో రోటర్‌డామ్‌లో జరిగిన సమావేశం నిర్ణయించిన ప్రకారం మూడు లక్షణాలలో రెండు ఉంటే పి.సి.ఓ.ఎస్. ఉన్నట్లు లెక్క. అండం సక్రమంగా విడుదల కాకపోవడం, పురుష హార్మోన్లు అధికంగా ఉండడం, స్కాన్‌లో అండపుటికలు గుంపులుగా కనబడడం, ఇవీ ఆ మూడు లక్షణాలు. మూడవది లేకపోయినా మొదటి రెండూ ఉంటే చాలు. అంటే ‘బుడగలు’ లేని పి.సి.ఓ.ఎస్. కూడా ఉంటుందన్నమాట. పురుష హార్మోన్లు అన్నందుకు ఎవరూ కలవరపడనక్కరలేదు. టెస్టోస్టెరోన్ ప్రతి స్త్రీ శరీరంలోనూ తయారవుతుంది, అవసరం కూడా. చిక్కు దాని పరిమాణంలోనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రసవయోగ్యమైన వయసులో ఉన్న స్త్రీలలో నూటికి 8 నుండి 13 మందికి ఈ రుగ్మత ఉన్నది. వారిలో నూటికి 70 మందికి తమకు ఉన్నదన్న సంగతే తెలియకపోవచ్చును. మన ప్రాంతపు లెక్క కూడా ఒకటి ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రెసిడెన్షియల్ కళాశాలలో 15 నుండి 18 ఏళ్ళ వయసుగల 460 మంది విద్యార్థినులను పరీక్షించి, 2011లో ఆర్. నిధి, ఆమె సహచరులు ఫలితాలు ప్రచురించారు. వారిలో 42 మందికి, అంటే నూటికి 9 మందికి పైగా, రోటర్‌డామ్ సూత్రాల ప్రకారం పి.సి.ఓ.ఎస్. ఉన్నది. పిజ్జాను, కెనడా పాలను నిందించే పెద్దలు ఈ లెక్కను ఒకసారి చూడాలి. అది హాస్టలు భోజనం తిని చదువుకుంటున్న పిల్లల లెక్క.

అండాశయంతో ఆగని రుగ్మత

పి.సి.ఓ.ఎస్. కేవలం గర్భధారణకు సంబంధించిన సమస్య అనుకోవడం పెద్ద పొరపాటు. 1921లో పారిస్‌లో అషార్, తియెర్స్ అనే వైద్యులు గడ్డం మొలిచిన స్త్రీలలో కనబడే మధుమేహాన్ని గురించి ఒక నివేదిక ప్రకటించారు. సరిగ్గా అదే సంవత్సరం వేసవిలో, మన ఒషావానుండి గంట ప్రయాణ దూరంలో ఉన్న టొరంటో విశ్వవిద్యాలయంలో, బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వెలికితీసే ప్రయోగాలు చేస్తున్నారు. ఆ రెండు సంఘటనలకు సంబంధం ఉన్నదని అప్పుడెవరికీ తోచలేదు. పి.సి.ఓ.ఎస్. ఉన్న స్త్రీల రక్తంలో ఇన్సులిన్ హెచ్చుగా ఉంటుందని రుజువు కావడానికి 1980 దాకా ఆగవలసి వచ్చింది.

సంబంధం ఇది. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినకపోతే క్లోమం మరింత ఇన్సులిన్‌ను స్రవిస్తుంది. చెవిటివారితో మనం గొంతు పెంచి మాట్లాడినట్లే. అయితే ఆ ఇంట్లో అండాశయానికి చెవుడు లేదు. అది ఆ అరుపును పూర్తిగా విని, ఇన్సులిన్ ప్రోద్బలంతో టెస్టోస్టెరోన్‌ను అవసరానికి మించి తయారుచేస్తుంది. మరోవైపు, టెస్టోస్టెరోన్‌ను పట్టి ఉంచే ఒక ప్రోటీన్ ఉత్పత్తిని కాలేయం తగ్గిస్తుంది. స్వేచ్ఛగా తిరిగే టెస్టోస్టెరోన్ పెరిగి మొటిమలు, పైపెదవి మీద నూనూగు మీసం, నెలసరి జాప్యం కనబడతాయి. మెడ వెనుక, చంకలలో ముఖమల్ గుడ్డలా మందమై నల్లబడే చర్మం కూడా ఇన్సులిన్ ఎక్కువైనదానికి గుర్తే. ఎందరో తల్లులు దానిని మురికి అనుకొని సున్నిపిండితో, నిమ్మచెక్కతో రుద్దుతారు. చర్మం ఎర్రబడుతుందే గాని నలుపు పోదు. అది పైన అంటుకున్నది కాదు గనుక పోయే అవకాశం కూడా లేదు.

ఒక కడుపులో మూడు తరాలు

ఇక అసలు విషయానికి వస్తాను. ఆడశిశువు తల్లి గర్భంలో ఉండగానే ఆ శిశువు అండాలన్నీ తయారవుతాయి. గర్భం దాల్చిన ఇరవయ్యవ వారానికి వాటి సంఖ్య అరవై, డెబ్భై లక్షలు. పుట్టేనాటికి అవి తరిగి పది, ఇరవై లక్షలు మిగులుతాయి. ఆ తర్వాత తగ్గడమే గాని పెరగడం లేదు. ఇందులో మరొక చమత్కారం ఉన్నది. నన్ను పుట్టించిన అండం మా అమ్మ గర్భస్థ శిశువుగా ఉన్నప్పుడే, అంటే మా అమ్మమ్మ కడుపులోనే తయారయింది. కూతురిని మోస్తున్న గర్భవతి కడుపులో కాబోయే మనుమరాలి అండం కూడా ఉన్నదన్నమాట. సీమంతం పీటమీద కూర్చున్నది ఒక్క మనిషి కాదు, మూడు తరాలు.

ఆ దశలో గర్భస్థ శిశువు అండాశయాన్నీ, మెదడునూ, క్లోమాన్నీ తాకే హార్మోన్ల పాళ్ళు తప్పితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు మొదటి సూచన అనుకోకుండా దొరికింది. 1959లో అమెరికాలో ఫీనిక్స్, గోయ్, గెరాల్, యంగ్ అనే శాస్త్రజ్ఞులు గర్భంతో ఉన్న గినీ పందులకు టెస్టోస్టెరోన్ ఎక్కించి, పుట్టిన ఆడపిల్లల ప్రవర్తన మారుతుందని చూపారు. వారిలో రాబర్ట్ గోయ్ తర్వాత విస్కాన్సిన్‌లో రీసస్ కోతులతో అదే పని చేశాడు. అతని ఆసక్తి అంతా వాటి ఆటలమీదే, కొట్లాటలమీదే. ఆ ఆడకోతులు పెద్దవైన తర్వాత డేవిడ్ అబ్బాట్, ఆయన సహచరులు వాటి ఆరోగ్యాన్ని పరిశీలించారు. అండాల విడుదలలో అవకతవకలు, పురుష హార్మోన్ల ఆధిక్యం, ఇన్సులిన్ లోపాలు, అన్నీ కలిసి అచ్చు పి.సి.ఓ.ఎస్. ఉన్న స్త్రీల పరిస్థితే. ఎవరో మరొక ప్రశ్నకోసం పెంచిన జంతువులు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాయి. విజ్ఞానశాస్త్రంలో ఇటువంటివి తరచు జరుగుతాయి. పరిశోధనకు నిధులిచ్చేవారు మాత్రం దీనిని ఎన్నడూ నమ్మరు.

మనకు పొరుగునే, మిషిగన్ విశ్వవిద్యాలయంలో, వసంతా పద్మనాభన్ అనే శాస్త్రవేత్త గొర్రెలతో చేసిన పరిశోధన ఇంకా వివరమైనది. గొర్రెకు గర్భకాలం 147 రోజులు. అందులో 30వ రోజునుండి 90వ రోజువరకు తల్లికి టెస్టోస్టెరోన్ ఇస్తే, పుట్టిన ఆడపిల్లలకు పెద్దయ్యాక రుతుచక్రం చెడిపోతుంది, ఇన్సులిన్ పనితనం తగ్గుతుంది. నా దృష్టిలో ఇంతకన్న ముఖ్యమైన ఫలితం మరొకటి ఉన్నది. ఆ పిల్లలను పుట్టాక అధికంగా మేపితే లోపం మరింత ముదిరింది. ఇన్సులిన్ పనితనాన్ని పెంచే మందు ఇస్తే రుతుచక్రం చెడిపోవడం తగ్గింది. గర్భంలో ముద్ర పడినా, అది ఎంత ముదురుతుందనేది పుట్టిన తర్వాతి జీవితం నిర్ణయిస్తున్నదని దీని అర్థం.

మాయ అనే కాపలాదారు

ఇక్కడ ఒక సందేహం రావాలి. గర్భవతి రక్తంలో టెస్టోస్టెరోన్ సహజంగానే పెరుగుతుంది. అలాగైతే ఆడపిల్లలందరికీ ఈ రుగ్మత రావాలి కదా? రాకపోవడానికి కారణం మాయ. అందులో అరోమటేజ్ అనే ఎంజైము సమృద్ధిగా ఉంటుంది. టెస్టోస్టెరోన్ అణువులో కార్బన్ పరమాణువులు 19. అరోమటేజ్ అందులోనుండి ఒకదానిని ఊడబెరికి, మొదటి వలయాన్ని బెంజీన్ వలయంగా మార్చివేస్తుంది. మిగిలిన 18 కార్బన్ల అణువే ఈస్ట్రడయోల్, స్త్రీ హార్మోన్. రసాయనశాలలో ఈ మార్పు చేయాలంటే ఎన్ని అంచెలు, ఎంత వేడి, ఎన్ని ద్రావణులు కావాలో మాబోటివారికి తెలుసు. మాయ ఆ పనిని ఒంటి వేడిలో, చప్పుడు చేయకుండా, రేయింబవళ్ళు చేస్తూ శిశువును కాపాడుతుంది.

ఆ కాపలాదారు కునుకు తీస్తే? 2018లో ఫ్రాన్సు దేశపు లీల్ నగరంలో పావొలో జకోబీని బృందం ప్రకటించిన ఫలితాలు ఈ దిశగా ఆలోచింపజేస్తున్నాయి. అండపుటికలు స్రవించే ఏ.ఎమ్.హెచ్. అనే హార్మోన్ ఒకటున్నది. మగశిశువులో స్త్రీ జననాంగాల మొలకలను కరిగించే పదార్థం ఏదో ఉండాలని 1940లలో ఆల్ఫ్రెడ్ జోస్ట్ కుందేళ్ళపై ప్రయోగాలు చేసి ఊహించినది దీనినే. సాధారణంగా గర్భం దాల్చిన తర్వాత స్త్రీలలో ఇది తగ్గిపోతుంది. పి.సి.ఓ.ఎస్. ఉన్న గర్భవతులలో మాత్రం హెచ్చుగానే ఉన్నదని లీల్ బృందం గమనించింది. ఎలుకల గర్భకాలం చివరి రోజులలో ఈ హార్మోన్ ఇస్తే మాయలోని అరోమటేజ్ తగ్గింది, తల్లిలో టెస్టోస్టెరోన్ పెరిగింది, పుట్టిన ఆడపిల్లలకు పి.సి.ఓ.ఎస్. వంటి లక్షణాలు వచ్చాయి. వాటి మెదడులో అండాశయాన్ని నడిపే నాడీకణాలు అతిగా పనిచేస్తున్నట్లు తేలింది. ఆ అతిని అణచే సెట్రోరెలిక్స్ అనే మందు ఇస్తే ఎలుకలు కోలుకున్నాయి. ఇన్సులిన్ కూడా మాయ కణాలలోని అరోమటేజ్‌ను తగ్గిస్తుందని 1980లలోనే ప్రయోగశాలలో కనుగొన్నారు. అందుచేత తల్లి మధుమేహానికీ, కూతురి అండాశయానికీ మధ్య ఒక దారి ఉండే అవకాశం ఉన్నది.

ఒక తరంతో ఆగుతుందా? 2019లో స్వీడన్‌లోని కారొలిన్‌స్కా సంస్థకు చెందిన ఎలిసబెట్ స్టెనర్-విక్టోరిన్ బృందం ఎలుకలలో మూడవ తరం వరకు దీని ఛాయలు చూసింది. పైన చెప్పిన లెక్క జ్ఞాపకం ఉంచుకుంటే మూడవ తరానికి ఉన్న ప్రాముఖ్యం బోధపడుతుంది. గర్భంతో ఉన్న తల్లికి హార్మోన్ ఇస్తే, కూతురికీ, కూతురిలోని అండానికీ అది నేరుగా తగులుతుంది. మునిమనుమరాలికి తగలదు. అయినా ఆమెలో లక్షణాలు కనబడితే, ఆ వార్తను మరేదో మోసుకువచ్చిందన్నమాట. 2021లో లీల్ బృందం దానికి ఒక సమాధానం చూపింది. డి.ఎన్.ఏ.లోని అక్షరాలు మారలేదు, వాటికి తగిలించి ఉండే మిథైల్ గుచ్ఛాలు కొన్ని ఊడిపోయాయి. పుస్తకంలో మాటలు అవే, పేజీ గుర్తుకోసం పెట్టిన నెమలీకలు మాత్రం జారిపోయాయి. మిథైల్ గుచ్ఛాలను అందించే పదార్థాన్ని ఇస్తే మూడవ తరపు ఎలుకలలో లక్షణాలు తగ్గాయి. పి.సి.ఓ.ఎస్. ఉన్న స్త్రీల రక్తంలోనూ, వారి కూతుళ్ళ రక్తంలోనూ ఇటువంటి లోపాలు కొన్ని ఉమ్మడిగా కనబడ్డాయి.

ఎలుకలు వేరు, మనం వేరు

ఇంతవరకు చదివినవారు, సరే, రుజువైపోయింది అనుకోవచ్చును. అంత తొందర పనికిరాదు. జంతువులకు ఇచ్చిన మోతాదులు ఏ తల్లి శరీరంలోనూ సహజంగా ఉండవు. మనుషులలో ఇటువంటి ప్రయోగం చేయలేము, చేయకూడదు కూడా. చేయగలిగినదల్లా తల్లులను, పిల్లలను ఏళ్ళ తరబడి గమనించడమే. స్వీడన్ జాతీయ వైద్య పట్టికలలో చూస్తే, పి.సి.ఓ.ఎస్. ఉన్న తల్లుల కూతుళ్ళకు అది నిర్ధారణ అయ్యే అవకాశం ఇతరులకన్న దాదాపు అయిదు రెట్లు. అయితే ఇందులో వంశపారంపర్యం ఎంత, గర్భవాసం ఎంత? కవలల మీద నెదర్లాండ్స్‌లో జరిగిన అధ్యయనం వంశపారంపర్యం వాటా నూటికి డెబ్భై పాళ్ళ దాకా ఉంటుందన్నది. ఇప్పటికి దొరికిన జన్యువులన్నీ కలిపినా అందులో పదోవంతుకు కూడా కారణం చెప్పలేవు. మిగిలినదానిలో గర్భవాసం వాటా ఉండి ఉంటుందని అనుమానం. మరోవైపు పశ్చిమ ఆస్ట్రేలియాలో తల్లుల రక్తాన్నీ, బొడ్డుతాడు రక్తాన్నీ భద్రపరచి, పుట్టిన ఆడపిల్లలు యుక్తవయసుకు వచ్చాక పరీక్షించారు. గర్భకాలంలో టెస్టోస్టెరోన్ ఎక్కువగా ఉన్నంతమాత్రాన ఆ పిల్లలలో పి.సి.ఓ.ఎస్. ఎక్కువగా లేదని 2009లో వారు తేల్చారు. ఇది చిన్న ఎదురుదెబ్బ కాదు. బొడ్డుతాడు రక్తం కాన్పునాటి సంగతి చెబుతుంది, అండాశయం రూపొందే నెలల సంగతి చెప్పదు అని ఈ సిద్ధాంతాన్ని సమర్థించేవారి జవాబు. జవాబు సమంజసమే కాని, జవాబు వేరు, రుజువు వేరు.

ప్లాస్టిక్కుల సంగతేమిటని నన్ను చాలామంది అడుగుతారు, రసాయనాలతో పనిచేసేదాన్ని గనుక. బిస్‌ఫినాల్-ఏ అనే పదార్థం పి.సి.ఓ.ఎస్. ఉన్న స్త్రీల రక్తంలో ఎక్కువగా ఉన్నదని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. రోగం వల్ల అది ఎక్కువయిందో, అది ఎక్కువై రోగం వచ్చిందో అవి చెప్పలేదు. కెనడా ఈ విషయంలో ముందు జాగ్రత్త పడిన దేశం. ఆ పదార్థం కలిసిన పాలసీసాల అమ్మకాన్ని 2010లో నిషేధించింది. 2008 నుండి 2011 వరకు ఈ దేశంలోని పది నగరాలలో రెండువేల మంది గర్భవతులను చేర్చుకొని జరిపిన మైరెక్ అధ్యయనంలో అత్యధికుల మూత్రంలో అది కనబడింది. వేడి సాంబారు ప్లాస్టిక్ డబ్బాలో పోసి ఇవ్వడం మానుకుంటే నష్టమేమీ లేదు, స్టీలు క్యారేజీలు మనకు కొత్తవి కావు. అంతకుమించి భయపడడానికి ప్రస్తుతానికి ఆధారం చాలదు.

ఉప్మా చెప్పిన కథ

హార్మోన్లతోపాటు ఆహారం కూడా గర్భంలో ముద్ర వేస్తుంది. ఈ విషయంలో మన తెలుగు పల్లెలు ప్రపంచానికి పాఠం చెప్పాయని మనవారిలో చాలామందికి తెలియదు. పుట్టినప్పుడు తక్కువ బరువు ఉన్న ఆడపిల్లలలో ఇన్సులిన్, పురుష హార్మోన్లు రెండూ ఎక్కువగా ఉంటాయని 1998లో బార్సెలోనాలో లూర్దెస్ ఇబాన్యెజ్ బృందం చూపింది. పుణెలోని కె.ఇ.ఎమ్. ఆసుపత్రిలో చిత్తరంజన్ యాజ్ఞిక్ 1990లలో ప్రారంభించిన పరిశోధనలో మన దేశపు పల్లెల శిశువులు సగటున 2.7 కిలోలు తూగారు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువుల బరువు 3.5 కిలోలు. మన శిశువులకు తక్కువైనది కండ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. చూపుకు బక్కపలుచన, లోపల కొవ్వు. ఇన్సులిన్ లోపానికి ఇంతకన్న అనువైన నేల లేదు. యాజ్ఞిక్ బృందమే 2008లో మరొకటి చెప్పింది. గర్భకాలంలో బి12 విటమిను తక్కువగా, ఫోలేటు ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లలకు ఆరేళ్ళ వయసులో ఇన్సులిన్ లోపం ఎక్కువ. శాకాహారుల ఇళ్ళలో బి12 కొరత సర్వసాధారణం. పైన చెప్పిన మిథైల్ గుచ్ఛాలను శరీరం సమకూర్చుకోవాలంటే బి12, ఫోలేటు రెండూ కావాలి. ఈ రెండు విషయాలను కలిపి పి.సి.ఓ.ఎస్.కు కారణం దొరికిందనడం దుస్సాహసం. అయినా ఒక రసాయనశాస్త్రజ్ఞురాలిగా నాకు ఇక్కడే ఆశ కనబడుతున్నది.

ఇక హైదరాబాదు సంగతి. 1987 నుండి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థవారు నగరానికి చేరువనున్న 29 గ్రామాలను ఎంచుకున్నారు. 15 గ్రామాలలో అంగన్‌వాడీ పథకం అప్పటికే మొదలయింది, 14 గ్రామాలలో ఇంకా కాలేదు. మొదలయినచోట గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ళలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా రోజూ పెట్టారు. గర్భిణికి అందులో దాదాపు 500 కేలరీల శక్తి, 20 నుండి 25 గ్రాముల ప్రోటీను. పుట్టిన శిశువుల బరువులో తేడా చాలా స్వల్పం, అరవై గ్రాములు. అంతటితో ఆగి ఉంటే ఉప్మా వృథా అనేవారు. కాని 2003 నుండి 2005 మధ్య సంజయ్ కిన్రా, పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ గ్రామాలకు తిరిగి వెళ్ళి, అప్పటికి 13 నుండి 18 ఏళ్ళ వయసు వచ్చిన 1165 మంది పిల్లలను పరీక్షించారు. ఉప్మా పెట్టిన గ్రామాల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగు. వారిలో ఇన్సులిన్ లోపం 20 శాతం తక్కువ. రక్తనాళాలు మరింత మెత్తన. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దీనిని ప్రచురించింది. ఆ పరిశోధనలో పి.సి.ఓ.ఎస్.ను కొలవలేదు. ఫలితంలో ఎంత భాగం తల్లి తిన్న ఉప్మాది, ఎంత భాగం బిడ్డ తిన్నది అనేది కూడా విడదీయలేము. అయినా పి.సి.ఓ.ఎస్.కు ఆయువుపట్టు ఇన్సులిన్ లోపం గనుక, ఇది మన విషయానికి అతి సమీపంలో ఉన్న సాక్ష్యం.

మన గర్భవతులు

ఇక్కడ, అంటారియోలో, మన చిక్కు దానికి తలక్రిందులు. కొరతకు అలవాటుపడిన శరీరాలు సమృద్ధిలోకి వచ్చి పడ్డాయి. ఒషావాకు పడమట, పీల్ ప్రాంతంలో, 2011 నుండి మక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన సోనియా ఆనంద్ బృందం దక్షిణాసియా సంతతికి చెందిన వేయిమంది గర్భవతులను పరిశీలించింది. వారిలో నూటికి 36 మందికి గర్భకాలపు మధుమేహం ఉన్నదని తేలింది. ఒకరికి తక్కువ కాకుండా ప్రతి ముగ్గురిలో ఉన్నట్లు! గర్భానికి ముందు బరువు, తినే ఆహారపు నాణ్యత సరిచేసుకుంటే ఇందులో మూడోవంతుకు పైగా తగ్గేదని వారి అంచనా. ‘ఇద్దరికి సరిపడా తినాలి’ అంటూ అత్తగారూ, అమ్మగారూ పోటీపడి పెట్టే సున్నుండలు, అరిసెలు, నేతి అన్నం ఈ లెక్క ముందు మరొక రకంగా కనబడతాయి. రెండవ ప్రాణికి ఆఖరి నెలల్లో కావలసినది రోజుకు మరో మూడు, నాలుగు వందల కేలరీలు మాత్రమే. అయితే మధుమేహం భయంతో అన్నం మానివేసి పస్తులుండడం కూడా ఆ శిశువుకు మేలు చేయదు. హైదరాబాదు పల్లెల పాఠమే ఇది.

పి.సి.ఓ.ఎస్. ఉన్న స్త్రీలకు గర్భకాలపు మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ గనుక, గర్భానికి ముందో లేక మొదటి పరీక్షలోనో చక్కెర పరీక్ష చేయించి, 24 నుండి 28 వారాల మధ్య మళ్ళీ చేయించాలని 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ వైద్యులకు మీ పి.సి.ఓ.ఎస్. సంగతి తెలియకపోతే ఈ పరీక్ష తొందరగా చేయరు. గర్భం నిలిచింది గనుక ఆ పాత సంగతి ఎందుకులే అని దాచిపెట్టడం మనవారిలో చూస్తున్నాను. మెట్‌ఫార్మిన్ వంటి మందులను గర్భకాలంలో కొనసాగించాలా వద్దా అన్నది వైద్యులు తేల్చవలసినది. అది మాయను దాటి శిశువును చేరుతుంది. నార్వేలో గర్భకాలంలో ఆ మందు వాడిన తల్లుల పిల్లలు బాల్యంలో కొంత అధిక బరువు ఉన్నట్లు తేలింది. స్నేహితురాలికి పనిచేసిందని మనమూ వేసుకునే మందు అది కాదు.

యుక్తవయసు పిల్లల విషయంలో మరొక హెచ్చరిక కూడా ఆ మార్గదర్శకాలలోనే ఉన్నది. రజస్వల అయిన తర్వాత ఎనిమిదేళ్ళ వరకు స్కాన్ చూసి పి.సి.ఓ.ఎస్. అని నిర్ణయించరాదు. ఆ వయసులో ఆరోగ్యవంతుల అండాశయాలలో కూడా పుటికలు గుంపులుగానే కనబడతాయి. సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు పద్నాలుగేళ్ళ పిల్లకు స్కాన్ తీయించి, ‘బుడగలు’ అన్న ముద్ర వేయించి తీసుకురావడం అన్యాయం. అలాగని నెలసరి మూడు నెలలకొకసారి వస్తుంటే ఊరుకోవడమూ తగదు. ఆంధ్రప్రదేశ్‌లో నిధి బృందమే పి.సి.ఓ.ఎస్. ఉన్న 90 మంది విద్యార్థినులలో సగం మందికి పన్నెండు వారాలు యోగాభ్యాసం, మిగిలినవారికి మామూలు వ్యాయామం చేయించింది. యోగా చేసినవారిలో టెస్టోస్టెరోన్, ఏ.ఎమ్.హెచ్. ఎక్కువగా తగ్గాయి. గొర్రెల కథ మనుషులకూ కొంత వర్తిస్తుందనడానికి ఇదొక చిన్న ఆధారం.

కుటుంబ వైద్యులు అమ్మాయిని మొదట అడిగే ప్రశ్న, ‘మీ అమ్మగారికి ఇటువంటిది ఉండేదా?’ అని. మన అమ్మాయిలలో చాలామంది దానికి తెలియదని జవాబు చెబుతారు, ఎందుకంటే అమ్మ ఎన్నడూ చెప్పలేదు. సంబంధాలు చెడిపోతాయని మన తల్లులు తమ కాలంలో దాచారు, మనమూ కూతుళ్ళకోసం దాస్తున్నాము. చెప్పుకుంటే తల్లిదే తప్పు అంటారేమోనన్న భయం దానికి తోడు. కాని తాను ఏ తల్లి కడుపులో పెరగాలో, ఆ తల్లి రక్తంలో ఏ హార్మోన్ ఎంత ఉండాలో ఎవరు ఎంచుకోగలరు? ఆ తల్లి కూడా ఒకనాడు మరొక తల్లి కడుపులో ఉన్నదే. కూతురితో వైద్యుల వద్దకు వెళ్ళేముందు తెలుసుకోవలసిన సంగతులు మూడు, నాలుగు ఉన్నాయి. తల్లికి ఏ వయసులో నెలసరి మొదలయింది, ఎలా వచ్చేది, కూతురు కడుపులో ఉన్నప్పుడు చక్కెర వచ్చిందా, పుట్టినప్పుడు ఇద్దరి బరువూ ఎంత. ఇక్కడ పుట్టిన పిల్లల బరువు ఆసుపత్రి కాగితాలలో ఉంటుంది. మన బరువు మాత్రం ఏ కాగితంలోనూ దొరకదు. ఏడవ నెలలో పుట్టావనో, పిడికెడంత ఉన్నావనో, బొద్దుగా ఉన్నావనో అమ్మమ్మకు జ్ఞాపకం ఉంటుంది. ఈ ఆదివారం ఆమెకు ఫోను చేసినప్పుడు అడిగి వ్రాసిపెట్టుకోండి.